ఈరీ ఒడ్డున నిలబడ్డ ఇల్లాలు

నవంబరు 24 లాంగ్ పాయింట్ వాసులు ఛాతీ విరుచుకుని నిలబడదగ్గ రోజు. కెనడాలోని ఒంటారియోలో, ఈరీ సరస్సులోకి చొచ్చుకుపోయిన సుమారు 40 కిలోమీటర్ల ఇసుకమేట అది. 1854లో ఇదే రోజున అక్కడి పేద ఇల్లాలు అబిగైల్ బెకర్ ఎనిమిది మందికి ప్రాణం పోసింది. ఆ ఘనకార్యం వార్షికోత్సవానికి ఆ ఊళ్లకూ, ఆమె వంశంలో వాళ్లకూ మనసారా అభినందనలు.

అప్పటికి ఆమెకు 24 ఏళ్లు. భర్త జెరెమియా బొచ్చు జంతువులను వేటాడి బతికేవాడు. ఆ సమయానికి అతను ఊళ్లో లేడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెక్కలతో కట్టుకున్న గుడిసెలో ఆమె, పిల్లలు ఉన్నారు. ఆ కనుచూపు మేరలో కేకేస్తే పలికే నాథుడు లేడు, రక్షణ దళం అనే మాటే లేదు.

ఈరీని చెరువని పొరబడకూడదు. 25 వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న నీరది. ఉత్తర అమెరికాలోని అయిదు మహా సరస్సుల్లోనూ లోతు తక్కువది ఇదే, సగటున 19 మీటర్లు. అందుకే గాలి లేస్తే చాలు, అలలు నిటారుగా, ఒకదాని మీద ఒకటి విరుచుకుపడతాయి. మొక్కజొన్న నింపుకుని టొరంటోకు బయల్దేరిన తెరచాప ఓడ ‘కండక్టర్’ మంచు తుపానులో లాంగ్ పాయింట్ దగ్గరే ఇసుకలో కూరుకుపోయింది. కెప్టెన్ హ్యాకెట్, అతని ఏడుగురు మనుషులు తెరచాప తాళ్లు పట్టుకుని వేలాడుతూ, తడిబట్టలు మంచు కడుతుండగా రాత్రంతా గడిపారు.

తెల్లవారి ఒడ్డున ఓడ తాలూకు చిన్న పడవ ఖాళీగా కనిపించడంతో అబిగైల్‌కు విషయం అర్థమైంది. పిల్లల్ని వెంటబెట్టుకుని, టీ కాచే గిన్నె, దుప్పట్లు పట్టుకుని ఓడ కనిపించే చోటికి పరుగెత్తింది. కొయ్యలు ఏరి నెగడు వేసింది. నీళ్లలో దూకి ఈదుకుంటూ రమ్మని చేతులతో సైగ చేసింది. ఆ మంట, ఆ సైగ చూసే కెప్టెన్ దూకాడు. అల అతన్ని వెనక్కి లాగేస్తుంటే అబిగైల్ మెడలోతు నీళ్లలోకి దిగి పట్టి ఈడ్చుకొచ్చింది. తర్వాత దూకినవాళ్లనూ అలాగే అందుకుంది. కుంటికాలు గల సవతి కొడుకు ఊతకర్ర పట్టుకునే నీళ్లలోకి దిగాడు. ఈ తల్లికి ఈత రాదు!

వంటవాడు మాత్రం ఓడలోనే మిగిలిపోయాడు. అతనికీ ఈత రాదు. ఒక్కడే తాళ్లకు కట్టుకుని ఇంకో రాత్రి చలిలో గడిపాడు. మర్నాడు తోటివాళ్లు తెప్ప కట్టుకెళ్లి అతన్నీ తీసుకొచ్చారు. ఒడ్డుకు చేరినవాళ్లందరికీ అన్నం పెట్టిందీ, గడ్డకట్టిన కాళ్లూ చేతులూ కాపిందీ ఆమే. నాకైతే నీళ్లలోకి దిగడం ఎంత గొప్పో, ఇన్ని నోళ్లకు ఆ చిన్న గుడిసెలో తిండి పెట్టడమూ అంతే గొప్ప.

అమెరికాలోని బఫలో నగర నావికులు, వర్తకులు చందాలు వేసి సొమ్ము ఇస్తే ఆమె పొలం కొనుక్కుంది. న్యూయార్క్ ప్రాణరక్షణ సంఘం 1857లో బంగారు పతకం ఇచ్చింది. విక్టోరియా రాణి 50 పౌండ్లు పంపింది. అమెరికన్ కవి విట్టియర్ ఆమె కథ రాశాడు. తానేదో గొప్ప పని చేశానని ఆమె మాత్రం అనుకోలేదు. సవతి బిడ్డలతో కలిపి 17 మంది పిల్లల్ని పెంచి, 1905లో కన్నుమూసింది.

టొరంటో చుట్టుపక్కల ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఒక విన్నపం. ఎండాకాలంలో లాంగ్ పాయింట్ ఇసుకతీరానికి వెళితే, పిల్లలు నీళ్లలో ఆడుకునే ముందు అబిగైల్ బెకర్ కథ చెప్పండి. ఆ ఊరివాళ్లు ఎదురైతే అభినందనలు చెప్పండి, సంతోషిస్తారు.