జాన్ లౌడన్ మకాడము

మన కంభము మీదుగా గిద్దలూరునకును వినుకొండకును పోవు రాజమార్గమున ప్రయాణము చేయువారు చక్రముల క్రింద నున్న నల్లని పొరను చూతురే గాని, దాని యడుగున నణగియున్న కంకరను తలంపరు. ఆ కంకరను ఎంత పరిమాణమున కొట్టవలయునో, ఎట్లు పరవవలయునో, దాని క్రింది నేలలోనికి నీరు చొరకుండ నేల కాపాడవలయునో లోకమునకు బోధించినవాడు జాన్ లౌడన్ మకాడము. ఆయన చరిత్రమును మా విద్యార్థుల నిమిత్తము సంగ్రహముగా వ్రాయ నుద్యుక్తులమైతిమి.

మకాడము 1756వ సంవత్సరమున స్కాట్లండు దేశమందలి ఎయిర్ పట్టణమున జన్మించెను. 1770లో తండ్రి గతింపగా, పదునాలుగేండ్ల ప్రాయమున సముద్రము దాటి న్యూయార్కు నగరమందు వర్తకుడుగా నున్న తండ్రి సోదరుని చెంత చేరెను. అచ్చట వ్యాపారమున ధనము గడించెను. అమెరికా స్వాతంత్ర్య సమరమున ఆయన ఇంగ్లండు రాజు పక్షము వహించినవాడు. కావున యుద్ధము ముగియగానే, 1783లో, ఆస్తిలో కొంత కోల్పోయి స్వదేశమునకు మరలెను.

స్వదేశమున ఆయన ఒక యెస్టేటు కొని, ఆ ప్రాంతపు రోడ్ల ధర్మకర్తలలో నొకడయ్యెను. ఆ కాలమున సుంకము వసూలుచేసి రోడ్లను బాగుచేయు సంఘము లుండెడివి. సుంకమునకు కొఱత లేకుండెను గాని, రోడ్లు మాత్రము బురదగుంటలై యుండెను. పెద్దవియు చిన్నవియు గుండ్రనివియు నగు రాళ్లను మంటితో కలిపి గుమ్మరించుటయే నాటి మరమ్మతు. ఒక్క వానతో మన్ను కరగి, రాళ్లు పైకి లేచి, బండ్లు తలక్రిందులగుచుండెను.

ఇచ్చట నొక విచిత్రమును చెప్పక విడువజాలము. ఆ దినములలోనే మకాడము మ్యూర్‌కర్క్ అను గ్రామమున రాక్షసిబొగ్గునుండి తారు తీయు బట్టీలను నడపెను. ఆ తారు ఓడల యడుగుచెక్కకు నీరు పట్టకుండ పూయుటకై పోయెడిది. చెక్కను నీటినుండి కాపాడు పదార్థము తన బట్టీలలో కాగుచుండగా, రోడ్డును నీటినుండి కాపాడుట యెట్లని యోజించిన యీ మనుష్యుడు ఆ రెంటిని జతపఱుపలేదు. ఆ జత కుదురుటకు మఱియొక నూరేండ్లు పట్టినది. ఇందులకు ఆయనను తప్పుపట్టుట న్యాయము గాదని మా యభిప్రాయము. నాటి గుఱ్ఱపుబండ్లకు కంకర రోడ్డే చాలియుండెను.

1816లో, అరువదియేండ్లు సమీపించిన వయసున, ఆయన బ్రిస్టలు పట్టణపు రోడ్ల సర్వేయరుగా నియమింపబడెను. అనేకులు విశ్రాంతి గోరు ప్రాయమున ఆయన అసలుపని మొదలాయెను. ఆయన మతము ఇది: బరువును నిజముగా మోయునది నేలయే, ఆ నేల పొడిగా నున్నంతవఱకు ఎంత బరువునైనను సహించును, తడిసెనా, ఎంత లావు రాయి పఱచినను దిగబడును. కావున రోడ్డు నేలకు కప్పు వంటిది. దానిని చుట్టునున్న భూమికంటె ఎత్తుగా వేసి, నడుమ కొంచెము ఉబ్బెత్తుగా నుంచి, ప్రక్కల కాలువలు త్రవ్వవలయును. మన యూరివారికి దీనిని సులభముగా చెప్పవచ్చును. గుండ్లకమ్మ నడ్డగించిన మన చెఱువుకట్టకు నీటిని నిలుపుట పని. రోడ్డుకు నీటిని నిలువనీయకుండుట పని.

ఒక్కొక్క రాయి ఆరు ఔన్సులకు, అనగా సుమారు 170 గ్రాములకు మించరాదు. స్త్రీలును వృద్ధులును సైతము కూర్చుండి చిన్న సుత్తెలతో వానిని కొట్టిరి. ఇట్టి కంకరను పది అంగుళముల మందమున పఱచి, మన్ను కలుపకుండిరి. పదునైన అంచులు ఒకదానితో నొకటి పెనవేసికొని, బండ్లు నడచినకొలది గట్టిపడెను. ఆయన సమకాలికుడైన టెల్ఫర్డు అడుగున పెద్దరాళ్లు పేర్పించెడివాడు. మకాడము వానిని విడిచెను గనుక ఖర్చు మిక్కిలి తగ్గెను. రాయి యాకారమును గూర్చి మన ప్రాంతమున నొక నిదర్శనము గలదు. మార్కాపురపు పలకరాయి పొరలు పొరలుగా చీలును గనుక వ్రాతపలకకు శ్రేష్ఠము. ఆ గుణముచేతనే అది రోడ్డుకు పనికిరాదు. బల్లపరుపు ముక్క చక్రము క్రింద విఱిగిపోవును. కంకర నలుప్రక్కల సమముగా నుండవలయును.

1834లో ప్రభుత్వము వారు సర్ బిరుదమును ఈయజూపగా ఆయన వలదనెను. దానిని ఆయన కుమారుడు స్వీకరించెను. 1836 నవంబరు 26వ తేదీన, ఎనుబదియేండ్ల వయసున, మాఫట్ అను నూర కాలధర్మము నొందెను.

తరువాత మోటారుబండ్లు వచ్చెను. వేగముగా పోవు రబ్బరు చక్రములు కంకరను పట్టియుంచు సన్ననిపొడిని లేపివేయుటచే రోడ్లు చెడి, దుమ్ము జనులకు బాధయయ్యెను. 1902లో మొనాకోయందు గుల్యెల్మినెట్టి యను స్విట్జర్లండు వైద్యుడు వేడితారును రోడ్డుపై పూయించి దుమ్మునణచెను. ఆ యేడే ఇంగ్లండులో హూలీ యనునతడు తారును కంకరతో కలుపు పద్ధతికి పేటెంటు పొందెను. తారును మకాడమును కలిసి టార్మాక్ అను మాట పుట్టినది. నేడు మన రోడ్లపై పోయునది బొగ్గుతారు కాదు; పెట్రోలియమునుండి వచ్చు బిటుమెను. బొగ్గుతారు పొగ ఆరోగ్యమునకు హానికరము.

ఆ నల్లని పొరయు కాలక్రమమున ఎండకు బిఱుసెక్కి, వెండ్రుకవంటి పగుళ్లు వేయును. పగుళ్లలో నీరు దిగినచో మకాడము భయపడినదే జరుగును. కావుననే ఇంజనీర్లు రోడ్డు చెడకమునుపే దానిపై పైపూత వేయుదురు. గుంటలును పెద్ద పగుళ్లును ముందు పూడ్చి, దుమ్ము లేకుండ ఊడ్చి, వానలేని దినమున చదరపు మీటరునకు సుమారు ఒక కిలో బిటుమెను చిమ్మి, వెంటనే 13 మిల్లీమీటర్ల చిప్సు చల్లి, రోలరుతో నొక్కుదురు. ఈ పూత రోడ్డుకు బలము నీయదు. నీటిని మాత్రమే ఆపును. అడుగు కుంగిన రోడ్డుపై దీనిని వేయుట పుండును కప్పిపెట్టుటయే.

కొలత తప్పిన ప్రాణాపాయము. బిటుమెను ఎక్కువైనచో వేసవిలో పైకి ఊరి, వానపడగానే చక్రములు జాఱును. తక్కువైనచో చిప్సు ఊడి, ముందుపోవు లారీ చక్రమునుండి ఎగిరి వెనుకవాని కంటికి తగులును. అందుచేతనే క్రొత్తగా పూసిన చోట చిప్సు అతుకుకొనువఱకు బండ్లను మెల్లగా నడపింతురు. మిగిలిన చిప్సును ఊడ్పించి, ఆ మీదటనే వేగమునకు సెలవిత్తురు. సైకిళ్లపై బడికి వచ్చు మా పిల్లలు అట్టిచోట దిగి నడిపించుకొని పోవలయును.