బేగంపేట నుంచి ఆకాశం దాకా: వైనూ బప్పుగారు



ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాసి ఇమ్మని కార్యదర్శిగారు కోరారు. నాయకుల గురించి రాసేవారు మనలో చాలామంది ఉన్నారు కనుక, మన ఊళ్ళో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త మనాలి కల్లట్ వైనూ బప్పుగారిని ఎంచుకున్నాను.

వారు మలయాళీలు. 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. తండ్రిగారు బేగంపేటలోని నిజామియా వేధశాలలో అసిస్టెంటు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన ఆ వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. 1887లో పారిస్‌లో మొదలైన ఆకాశ పటం పథకంలో దేశదేశాల వేధశాలలు ఆకాశాన్ని వంతులు వేసుకోగా, హైదరాబాద్ కూడా ఒక వంతు తీసుకుంది. ఫోటో పలకల మీది చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచి ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలను పట్టికలకెక్కించారు. కంప్యూటర్లు లేని రోజులవి. లెడ్జర్లు రాసిన మనకు ఆ శ్రమ వేరే చెప్పనక్కరలేదు.

కుర్రవాడైన బప్పుకు ఆ వేధశాలే రెండో బడి. నిజాం కాలేజీ విద్యార్థిగా ఉండగానే, వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాల మీద వ్యాసాలు ప్రచురించారు. కాని అమెరికాలో పైచదువు సొంత డబ్బుతో అయ్యే పనా? హైదరాబాద్ ప్రభుత్వం స్కాలర్‌షిప్ మంజూరు చేసింది. 1949లో హార్వర్డ్ చేరారు. అప్పటికి పోలీసు చర్య జరిగి ఏడాదైనా కాలేదు. అంత గందరగోళంలోనూ ఆ ఫైలు ఆగలేదంటే, దాన్ని కదిల్చిన గుమాస్తా ఎవరోగాని ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను.

వెళ్ళిన కొద్ది నెలలకే, జూలైలో, తాను తీసిన ఫోటో పలక మీద ఒక కొత్త తోకచుక్కను గుర్తించారు. గురువు బోక్, సహాధ్యాయి న్యూకర్క్ పేర్లతో కలిపి దానికి బప్పు-బోక్-న్యూకర్క్ అని పేరు పెట్టారు. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి, నక్షత్రం వర్ణపటంలో ఒక కాల్షియం గీత వెడల్పును బట్టి దాని అసలు వెలుగును, తద్వారా దూరాన్ని లెక్కకట్టే పద్ధతి చెప్పారు. అప్పటికే స్వదేశం వచ్చేశారు. నైనీతాల్ తరువాత, 1960లో కొడైకెనాల్ వేధశాల బాధ్యత తీసుకున్నారు. జవ్వాది కొండల్లో కావలూరును ఎంపిక చేసింది ఆయనే. 1972లో అక్కడ తూర్పు జర్మనీ నుంచి తెచ్చిన ఒక మీటరు టెలిస్కోపు పెట్టారు. 1977లో యురేనస్ వలయాలను కనిపెట్టిన పరిశీలనల్లో దానికీ పాలుంది.

1980 ఫిబ్రవరి 16 సూర్యగ్రహణం మీకు గుర్తుండే ఉంటుంది. ఉస్మానియా వారి జపాల్-రంగాపురం వేధశాల సంపూర్ణ గ్రహణ మార్గంలో పడింది. శాస్త్రజ్ఞులు గ్రహణం కోసం ఎదురుచూస్తుంటే ఇక్కడ నాచారంలో మా వీధిలో తలుపులన్నీ మూసేశారు. నేను అట్టకు సూదితో బెజ్జం పెట్టి, పిల్లలకు గోడ మీద కొరికిన సూర్యబింబం చూపించాను. మా అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. చదువుకున్న మనమే అట్లా ఉన్నాం మరి!

అంతకు ముందు సంవత్సరమే, 1979లో, బప్పుగారు అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షులయ్యారు. 1982 ఆగస్టులో గ్రీసులోని పాత్రాస్‌లో జరిగిన మహాసభలకు ఆయనే అధ్యక్షత వహించవలసింది. గుండె జబ్బుతో మ్యూనిక్ ఆసుపత్రిలో చేరారు. సభలు అక్కడ సాగుతుండగానే ఆగస్టు 19న కన్నుమూశారు. వయస్సు 55. అప్పటి మన లెక్కలో పదవీ విరమణకు ఇంకా మూడేళ్ళుండేది.

స్వదేశంలోనే తయారు చేయించాలని ఆయన పట్టుబట్టిన 2.34 మీటర్ల టెలిస్కోపు కావలూరులో పూర్తయింది. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ దానికి వైనూ బప్పు పేరు పెట్టారు.