కమ్మరి కొడుకు మైకేల్ ఫారడే

ఫారడే విద్యుద్విశ్లేషణ నియమాలు మనమంతా ఇంటర్‌లోనే బట్టీ పట్టి ఉంటాం. కానీ కార్బన్, క్లోరిన్ మాత్రమే ఉండే పదార్థాలను మొదట తయారు చేసినవాడు కూడా ఆయనే అన్న సంగతి అంతగా ఎవరూ చెప్పరు.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ పక్కన న్యూయింగ్టన్ బట్స్‌లో పుట్టాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. తరచూ జబ్బు పడటంతో పని సరిగా సాగేది కాదు. 1801లో ధాన్యం ధరలు మండిపోయినప్పుడు ఈ పిల్లవాడి వంతుకు వారానికి ఒక్క రొట్టె వచ్చేది. చదవడం, రాయడం, లెక్కలు - బడి చదువు అంతే. 1805లో రీబో అనే వ్యాపారి దగ్గర పుస్తకాల బైండింగ్ పనికి ఏడేళ్ల ఒప్పందం మీద కుదిరాడు. బైండింగ్‌కు వచ్చిన పుస్తకాలను కుట్టడమే కాదు, చదివేవాడు కూడా. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు మీది వ్యాసం, జేన్ మార్సెట్ రాసిన రసాయన శాస్త్ర పుస్తకం అలా దొరికినవే. బయట సైన్సు ఉపన్యాసం వినాలంటే ఒక షిల్లింగు. ఆ డబ్బులు కమ్మరం చేసే అన్న రాబర్ట్ ఇచ్చేవాడు. ఇంట్లో ఒకరి చదువు కోసం ఇంకొకరు చెమటోడ్చడం మన హాస్టల్ మిత్రులకు కొత్తగా చెప్పాలా!

1812లో షాపుకు వచ్చే ఒకాయన ఇచ్చిన టికెట్లతో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు విన్నాడు. నోట్సు రాసుకుని, తనే బైండు చేసి డేవీకి పంపాడు. 1813 మార్చిలో అక్కడే సహాయకుడి ఉద్యోగం దొరికింది. వారానికి 25 షిల్లింగులు, పై అంతస్తులో రెండు గదులు. ఆ అక్టోబరులో డేవీ దంపతుల వెంట యూరప్ వెళ్లాడు. డేవీ భార్య ఆయన్ని నౌకరులాగే చూసింది, భోజనం నౌకర్లతోనే. తిరిగి వచ్చేద్దామనుకున్నాడు గానీ నేర్చుకునే అవకాశం వదులుకోలేక ఓర్చుకున్నాడు. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి పేరు వస్తే అధ్యక్షుడైన డేవీయే అడ్డు చెప్పాడు. అయినా ఫారడే ఎన్నికయ్యాడు. డేవీని పూర్తిగా చెడ్డవాడని నేను అనను, తలుపు తెరిచిందీ ఆయనే కదా.

1820లో ఫారడే ఇథిలీన్‌ను క్లోరిన్‌తో కలిపి, వచ్చిన నూనెను మళ్లీ క్లోరిన్‌లో ఎండకు పెట్టాడు. హెక్సాక్లోరో ఈథేన్ స్ఫటికాలు వచ్చాయి. దాని ఆవిరిని ఎర్రగా కాలిన గొట్టం గుండా పంపితే టెట్రాక్లోరో ఇథిలీన్ ద్రవం వచ్చింది. తర్వాతి శతాబ్దంలో అదే డ్రైక్లీనింగ్ షాపుల్లోకి, లోహాల జిడ్డు తీసే ఫ్యాక్టరీల్లోకి చేరింది. నేల మీద ఒలికితే భూగర్భ జలంలోకి దిగి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న పదార్థం అది.

దాన్ని విరగ్గొట్టే దారిలోనూ ఫారడే నియమాలే. నేరుగా కరెంటుతో కార్బన్-క్లోరిన్ బంధం తెంచాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. మధ్యలో కోబాల్ట్ సంశ్లిష్ట సమ్మేళనం ఉంటే పని తేలికవుతుంది. ఎలక్ట్రోడ్ దగ్గర +2 స్థితిలోని కోబాల్ట్ ఒక ఎలక్ట్రాన్ తీసుకుని +1 అవుతుంది. అది వెళ్లి అణువులోని బంధాన్ని తెంచితే క్లోరిన్ క్లోరైడ్ అయాన్‌గా ఊడిపోతుంది. ఎలక్ట్రాన్లు ఇచ్చేసిన కోబాల్ట్ మళ్లీ ఎలక్ట్రోడ్ దగ్గరకు వస్తుంది. తాను ఖర్చవదు, అందుకే ఉత్ప్రేరకం. కోబాల్ట్ సంశ్లిష్టమైన విటమిన్ బి12 కూడా ఈ పని చేస్తుంది.

ఒక మోల్, అంటే 166 గ్రాముల టెట్రాక్లోరో ఇథిలీన్ నుంచి నాలుగు క్లోరిన్లూ తీసేస్తే మిగిలేది ఇథిలీన్. ఫారడే మొదలుపెట్టిన వాయువే! అందుకు 8 మోల్‌ల ఎలక్ట్రాన్లు, సుమారు 7,72,000 కులూంబులు కావాలి. ఇది కాగితం మీది లెక్క. ప్రయోగంలో కొంత కరెంటు హైడ్రోజన్ పుట్టించడానికే పోతుంది. ఒక్కోసారి పని మధ్యలో ఆగి, మరింత ప్రమాదకరమైన వినైల్ క్లోరైడ్ మిగలవచ్చు.

నీటి సంగతి ఫారడేకి పట్టేది. 1855లో థేమ్స్ నదిలో పడవ మీద పోతూ తెల్ల కార్డు ముక్కలు నీళ్లలో వేశాడు. అంగుళం లోతు దిగకముందే మురికిలో కనబడకుండా పోయాయి. వెంటనే టైమ్స్ పత్రికకు ఉత్తరం రాశాడు.

సర్ బిరుదు, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి రెండూ వద్దన్నాడు. 1867 ఆగస్టు 25న మరణించాడు. లండన్ హైగేట్ శ్మశానంలోని ఆయన సమాధి రాయి మీద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ మాత్రమే ఉన్నాయి.