ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీముగారు

ప్రతి సంవత్సరము జూను మాసమున గురజాల, మాచర్ల, కారెంపూడి, రెంటచింతల ప్రాంతపు పల్లెలనుండి మన హైస్కూలునకు క్రొత్త బాలురు వచ్చి చేరుచుందురు. వీరిలో గేదెల వెంట పరుగెత్తి కాలిబలము సంపాదించినవారు కలరు; చెడుగుడు ఆటలో కూత విడువక అవతలి జట్టువారిని తాకి రాగలవారును కలరు. కాని ఫుట్‌బాల్ మైదానమున నిలువబెట్టినచో, తామెక్కడ నిలువవలయునో, బంతిని ఎవరికి అందీయవలయునో వీరెరుగరు. జట్టు నేర్పరచునప్పుడు ఆట ముందే నేర్చిన బాలురకు పిలుపు వచ్చును. పల్లెటూరి బాలుడు గీత వెలుపల నిలిచి చూచుచుండును. పిమ్మట కళాశాలకు పోయినప్పుడును వాని స్థానము గీత వెలుపలనే. హైస్కూలులో ఆడనివానిని కళాశాలవారు ఏల పిలుతురు?

ఆట తెలియని బాలుని చేరదీసి, వానిలో దాగియున్న ఆటగానిని బయటికి దీయుటయే తన జీవిత కార్యముగా జేసికొనిన ఉపాధ్యాయుడొకడు మన తెలుగు దేశముననే యుండెను. హైదరాబాదు వాస్తవ్యులగు సయ్యద్ అబ్దుల్ రహీముగారి చరిత్రను బాలురకును, వారి తలిదండ్రులకును తెలుపగోరి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. 2024వ సంవత్సరమున వారి జీవితమును గూర్చి ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వెలువడినది. దానిని చూచిన బాలురు కొందరు మనలో నుండవచ్చును. చలనచిత్రమున ఆటల సందడి హెచ్చు. ఉపాధ్యాయుని ఓర్పు అంతగా కానరాదు. కావున ఆ భాగమును మేము కొంత విరివిగా వ్రాయుదుము.

రహీముగారు 1909వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బి. ఏ. పట్టము పొందిరి. వారి ఆట కళాశాలతో ముడివడినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన సిటీ కాలేజీలో అప్పటి విద్యార్థులును, పూర్వ విద్యార్థులును కలిసి యేర్పరచుకొనిన ‘ఎలెవెన్ హంటర్స్’ అను జట్టులో వారు ఆడిరి. పిమ్మట కమర్ క్లబ్బులోను ఆడిరి. చదువు ముగిసిన తరువాత ఉపాధ్యాయ వృత్తి నవలంబించి కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు అను పాఠశాలలలో పని చేసిరి. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, తమ పాఠశాలలలో ఆటల బాధ్యతను గూడ వహించిరి.

తరగతి గదిలో నలువదిమంది బాలుర యెదుట నిలుచు ఉపాధ్యాయునకు ఒక అలవాటు కలుగును. ముందు బల్లమీద కూర్చుండి వెంటనే జవాబు చెప్పు బాలునికంటె, వెనుక బల్లమీద నోరు మెదపని బాలునిమీదనే వాని కన్ను నిలుచును. రహీముగారు ఈ అలవాటును పాఠశాలనుండి మైదానమునకు తెచ్చిరని మా యూహ.

1940వ దశకపు తొలి సంవత్సరములనుండి మరణ పర్యంతము వారు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా నుండిరి. ఆ పదవిలో నుండి వారు పిల్లలకొరకు చేసిన యేర్పాట్లు వినదగినవి. ఎత్తు కొలిచి, ఒక పరిమితికి మించని బాలురకు మాత్రమే వేరుగా పోటీలు పెట్టించిరి. పొట్టి బాలునికి నేర్పు కలిగినను, పొడుగు బాలురతో కలిపి ఆడించినచో భుజములు తగిలి క్రింద పడును. నాలుగు మారులు పడిన పిమ్మట ఆటయే మానును. సమానులతో ఆడించినప్పుడు వాని నేర్పు బయటపడును. బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలయునను నియమముతో వేరొక పోటీ జరిపించిరి. ఆట నేర్వని బాలుని చూడుడు: బంతి ఎడమ ప్రక్కకు వచ్చినను శరీరమంతయు త్రిప్పి కుడికాలితోనే తన్నును. ఆ త్రిప్పుటకు పట్టు క్షణములోనే ఎదిరి వచ్చి బంతిని తీసికొని పోవును. రెండు కాళ్లును సమానముగా నడచినవాడు ఆ క్షణమును మిగుల్చుకొనును.

బంతిని కాళ్ల మధ్య త్రిప్పుకొనుచు ఒక్కడే ముందునకు తీసికొని పోరాదను నియమముతో గూడ వారు పోటీలు పెట్టించిరి. మన బాలురలో సగమునకు ఈ నియమము రుచింపదని మాకు తెలియును. బంతి దొరికినవాడు దానిని తన సొత్తుగా భావించి, గోలు చేరువరకు ఎవరికిని ఈయక పోవుటయే మన మైదానమున జరుగుచున్నది. రహీముగారి బాలురు బంతిని ఒకటి రెండు తాకులలో చెలికానికి అందించి, తాము ఖాళీ స్థలమునకు పరుగెత్తుట నేర్చిరి. ఇది డబ్బు లేకుండ నేర్పదగిన విద్య. దీనికి మంచి పచ్చికయు అక్కరలేదు, విలువగల పరికరములును అక్కరలేదు. నేర్పువానికి ఓపిక యున్న చాలును.

1950వ సంవత్సరమునుండి వారు హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును గెలిచినది. ఆ కాలమున కలకత్తా జట్లు దేశమంతట పేరు మోసియుండగా, దక్షిణాది పోలీసులు ఐదేండ్లపాటు ఆ కప్పును ఎవరికిని ఈయకుండుట సామాన్యమైన సంగతి కాదు.

ఇక తులసీదాసు బలరాము సంగతి చెప్పవలయును. ఇతడు సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడ గ్రామమునకు చెందిన పేద కుటుంబపు బాలుడు. ఆటకు బూట్లు కావలసి వచ్చినప్పుడు, పోలీసువారు వాడి విడిచిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టువానిచేత రెండు రూపాయలకు ఒక జత చేయించుకొనెను. చిన్న క్లబ్బులలో ఆడుచున్న ఇతనిని రహీముగారు చూచి, 1956వ సంవత్సరమున సంతోష్ ట్రోఫీ పోటీకి హైదరాబాదు జట్టును ఎన్నుకొనుచు పరీక్షకు రమ్మని పిలిచిరి. పెద్ద పోటీలలో ఆడిన అనుభవము లేని బాలుడు, ఇరువదియేండ్లు నిండనివాడు, ఎంత సంతోషింపవలయును? కాని అతడు రాలేనని చెప్పెను. తన యింటినుండి నగరమునకు ప్రతి దినము వచ్చి పోవుటకు అతనియొద్ద డబ్బు లేదు.

ఇట్టి జవాబు వినిన పెద్దలు సాధారణముగా ఏమి చేయుదురో మన బాలుర తలిదండ్రులకు తెలియును. రానివానిని విడిచి, వచ్చినవారిలో ఒకనిని ఎన్నుకొందురు. అందు తప్పు పట్టుటకును వీలు లేదు. పిలిచితిమి, రాలేదు, అని వ్రాసికొనిన చాలును. రహీముగారు అట్లు చేయలేదు. సైకిలు బాడుగకుగాను దినమునకొక రూపాయి తామే ఇచ్చిరి. బలరాము బాడుగ సైకిలు త్రొక్కుకొనుచు పరీక్షకు వచ్చెను, జట్టులో చేరెను. ఆ యేట హైదరాబాదు జట్టు బొంబాయి జట్టును ఓడించి సంతోష్ ట్రోఫీని గెలిచినది. ఆ సంవత్సరము ముగియకముందే బలరాము భారతదేశపు జట్టుతో మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలకు పోయెను.

మన పల్నాటివారికి ఇట్టి కథ క్రొత్త కాదు. కులమును విచారింపక మాల కన్నమదాసును చేరదీసి తన బలగమున ముందు నిలిపిన బ్రహ్మనాయుని కథను కారెంపూడి వీరుల గుడియొద్ద మనవారు తరతరములుగా వినుచునే యున్నారు. వినుట వేరు, మన గ్రామమున ఒక బాలునికి సైకిలు బాడుగ ఇచ్చుట వేరు. దీనిని ఇంతటితో విడిచెదము.

భారతదేశపు జట్టునకు శిక్షకులుగా రహీముగారు 1951వ సంవత్సరమున ఢిల్లీ నగరమున జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఇరాను జట్టుపై ఒక్క గోలుతో స్వర్ణ పతకము గెలిపించిరి. మరుసటి యేట ఫిన్లాండు దేశపు హెల్సింకీ పట్టణమున ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా జట్టు మనలను పది గోళ్లకు ఒకటిగా ఓడించెను. మనవారిలో పెక్కండ్రు వట్టి కాళ్లతో ఆడిరి. ఎండలో ఎండిన మన నేలమీద వట్టి కాలికి బంతి చక్కగా చిక్కును. చలిదేశపు తడి పచ్చికమీద కాలు జారును, వ్రేళ్లు కొంకర్లు పోవును. ఈ యపజయము తరువాతనే బూట్లు లేనిదే ఆడరాదను నియమమును అఖిల భారత ఫుట్‌బాల్ సంఘమువారు చేసిరి. మెల్బోర్నులో 1956వ సంవత్సరమున ఫలితము వేరుగా నుండెను. ఆస్ట్రేలియాను వారి స్వదేశమునందే 4–2 గోళ్లతో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన తొలి ఆసియా జట్టుగా మన జట్టు నాలుగవ స్థానమున నిలిచెను. 1960వ సంవత్సరమున రోము నగరమున హంగెరీతో 2–1 గోళ్లతో ఓడిపోయినను, మనవారి ఆ ఒక్క గోలును చేసినవాడు అమ్ముగూడ బలరామే. ఫ్రాన్సు జట్టుతో ఆట 1–1 గోళ్లతో సమానముగా ముగిసెను. భారతదేశము ఒలింపిక్ ఫుట్‌బాలులో ఆడుట అదియే కడపటిసారి.

1962వ సంవత్సరమున జకార్తాలో ఆసియా క్రీడలు జరిగినప్పటికి రహీముగారి దేహమున క్యాన్సరు వ్యాధి ప్రవేశించియుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను రెండు గోళ్లతో ఓడించెను. థాయిలాండుతో ఆడునప్పుడు రక్షణ వరుసలో నిలుచు జర్నెయిల్ సింగు తలకు గాయము తగిలి కుట్లు పడెను. అట్టివానిని విశ్రాంతికి పంపుట లోకసహజము. రహీముగారు అతడు కళాశాలలో చదువుకొను దినములలో ముందువరుసలో ఆడినవాడని జ్ఞప్తికి దెచ్చుకొని, రక్షణనుండి తీసి ముందువరుసలో నిలిపిరి. సెమీఫైనలులో దక్షిణ వియత్నాముపై అతడు గోలు చేసెను. పూర్వపు కళాశాల ఆటను మరువక, అవసరము వచ్చిననాడు దానిని వెదకి బయటికి తీసిన ఈ జ్ఞాపకశక్తియే రహీముగారి విద్యలో మాకు మిక్కిలి ఆశ్చర్యము గొలుపునది.

సెప్టెంబరు 4వ తేదీన ఫైనలు ఆట మరల దక్షిణ కొరియాతోనే జరిగినది. ఇశ్రాయేలు, తైవాను దేశములవారిని క్రీడలకు రానీయకపోవుటను భారతీయ ప్రతినిధియగు సోంధీగారు ఖండించినందున, జకార్తా ప్రజలు మనవారిమీద మిక్కిలి ఆగ్రహముతో నుండిరి. క్రీడాస్థలమునకు వచ్చిన సుమారు లక్షమంది ప్రేక్షకులు మన జట్టును ఎగతాళి చేయుచు కేకలు వేసిరి. ఆ గోలలో ప్రదీపకుమార బెనర్జీ మొదటి గోలును, తలకు కట్టు కట్టుకొనియున్న జర్నెయిల్ సింగు రెండవ గోలును చేసిరి. ఆట ముగియవచ్చునప్పుడు కొరియావారు ఒక గోలు చేసిరి. చునీ గోస్వామి నాయకత్వమున మన జట్టు 2–1 గోళ్లతో గెలిచినది. బలరాము ఆనాటి ముందువరుసలో నుండెను. ఆ తరువాత ఆసియా క్రీడలలో మన ఫుట్‌బాల్ జట్టు స్వర్ణ పతకమును మరల గెలువలేదు.

ఆటలు చదువును చెరుపునని తలంచు తలిదండ్రులు మనలో పెక్కండ్రు కలరు. వారితో వాదించుటకు మేము ఈ చరిత్రను వ్రాయలేదు. రహీముగారు స్వయముగా పట్టభద్రులు, ఉపాధ్యాయులు అను సంగతిని మాత్రము వారి దృష్టికి తెచ్చుచున్నాము. వారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీముగారును రోము ఒలింపిక్ జట్టులో నుండినవారే.

జకార్తానుండి తిరిగివచ్చిన తరువాత రహీముగారి వ్యాధి ముదిరెను. 1963వ సంవత్సరము జూను 11వ తేదీన, ఏబది మూడేండ్ల వయస్సున, హైదరాబాదులో వారు మరణించిరి. ఆ సంవత్సరముననే బలరామునకు శ్వాసకోశ వ్యాధి కలిగి, ఇరువది యేడవ యేట ఆట విరమింపవలసి వచ్చెను. తరువాత అతడు కలకత్తా ప్రాంతమున స్థిరపడి శిక్షకుడై, యువకులకు ఆట నేర్పెను. 2023వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన, ఎనుబది ఆరేండ్ల వయస్సున మరణించెను. ముసలితనమున తన్ను చూడవచ్చిన పత్రికలవారికి అతడు తన గోళ్ల లెక్కతోబాటు ఆ సైకిలు బాడుగ సంగతియు చెప్పుచుండెను.