జాన్ న్యూటన్: నలభై ఏళ్ళు పట్టిన పశ్చాత్తాపం

న్యూటన్ అనగానే మనకు సైన్సు పుస్తకంలోని ఆపిల్ చెట్టు గుర్తొస్తుంది. ఆయన వేరు, ఈయన వేరు. ఈయన జాన్ న్యూటన్. ముందు బానిసలను అమ్మే ఓడల మీద పనిచేశాడు, తర్వాత చర్చిలో బోధకుడయ్యాడు. ‘అమేజింగ్ గ్రేస్’ అనే ఇంగ్లీషు పాట రాసింది ఈయనే.

1725లో లండన్‌లో జన్మించాడు. తండ్రి ఓడ కెప్టెన్. తల్లి చాలా భక్తిపరురాలు, కొడుక్కి బైబిలు నేర్పించింది. కాని ఏడేళ్ళు నిండకుండానే తల్లి పోయింది. పదకొండేళ్ళకు తండ్రితో ఓడ ఎక్కాడు. అక్కడ చెడు సావాసాలు పట్టి, దేవుడు లేడని వాదించి తోటివాళ్ళను కూడా చెడగొట్టేవాడు. ఆ రోజుల్లో యుద్ధనౌకలకు మనుషులు చాలకపోతే కుర్రాళ్ళను బలవంతంగా పట్టుకుపోయేవారు. 1744లో న్యూటన్‌ను అట్లాగే పట్టుకుపోయారు. పారిపోబోతే దొరికాడు, అందరి ముందు కొరడాలతో కొట్టించారు.

తర్వాత పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఒక బానిసల వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. అక్కడ జబ్బుపడ్డాడు. తిండి పెట్టేవాళ్ళు లేరు, దుంపలు పచ్చివే తవ్వుకు తిన్నాడు. అప్పుడు గొలుసులతో కట్టి ఉన్న బానిసలే తమకిచ్చిన దాంట్లోంచి కొంచెం తీసి, ఎవరూ చూడకుండా అతనికి పెట్టారు. మనకైతే గంట కొట్టగానే పళ్ళెం పట్టుకుని లైన్లో నిలబడితే అన్నం వస్తుంది. వాళ్ళకు దొరికేదే పిడికెడు. ఈ సంగతి న్యూటనే తన జీవిత కథలో రాసుకున్నాడు. దీన్ని కొంచెం గుర్తుపెట్టుకోండి.

తండ్రి కబురు పంపగా గ్రేహౌండ్ అనే ఓడ అతన్ని ఎక్కించుకుని ఇంగ్లాండుకు బయలుదేరింది. 1748 మార్చిలో అట్లాంటిక్ సముద్రంలో పెద్ద తుఫాను వచ్చింది. ఓడ ఒక పక్క బద్దలై నీళ్ళు లోపలికొచ్చాయి. తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా నీళ్ళు తోడుతూనే ఉన్నారు. ఓడలో ఉన్న సరుకులో మైనం, కలప ఎక్కువ. అవి నీళ్ళలో తేలే వస్తువులు కాబట్టి ఓడ మునగలేదు. ఆ భయంలో అతని నోటి నుంచి దేవుడి పేరు వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా ఎగతాళి చేసిన పేరు! నాలుగు వారాలు ఆకలితో అలమటించి చివరకు ఐర్లండు ఒడ్డు చేరారు. ఆ తుఫాను రోజును బ్రతికినంత కాలం ప్రార్థనతో గడిపాడు.

చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. తుఫాను వచ్చింది, మారిపోయాడు అంటారు. అది నిజం కాదు. తాగుడు, బూతులు మానిన మాట వాస్తవమే. కాని 1750 నుంచి 1754 వరకు తానే బానిసల ఓడలకు కెప్టెన్‌గా వెళ్ళాడు. ఆదివారం పైన నావికులతో ఆరాధన జరిపించేవాడు. కింద అరల్లో మనుషులు గొలుసులతో పడి ఉండేవారు. తిరుగుబాటు అనుమానం వస్తే కొందరు కుర్రవాళ్ళ బొటనవేళ్ళకు ఇనుప మరలు బిగించి నిజం చెప్పించాడు. ఈ విషయం తన ఓడ పుస్తకంలో తానే రాసుకున్నాడు. తనకు అన్నం పెట్టినవాళ్ళు ఎవరు, తాను కట్టేసినవాళ్ళు ఎవరు? ఆ ప్రశ్న అప్పుడు అతనికి తట్టలేదు. దేవుడి ముందు మోకరించడం నేర్చుకున్నాడు గాని మనుషుల ముందు ఇంకా నేర్చుకోలేదని నాకనిపిస్తుంది.

1754లో మళ్ళీ ప్రయాణానికి సిద్ధమవుతుండగా హఠాత్తుగా మూర్ఛ వచ్చి పడిపోయాడు. అట్లా సముద్రం వదిలాడు. జబ్బు వల్లే మానాడు, పాపమని కాదు. లివర్‌పూల్ రేవులో సుంకాల ఉద్యోగం చేస్తూ గ్రీకు, హెబ్రూ భాషలు సొంతంగా చదివాడు. బోధకుడు కావాలని 1758లో అడిగితే కాలేజీ చదువు లేదని, ఇంకా ఏవో కారణాలు చెప్పి తిప్పి పంపారు. ఆరేళ్ళు ఎదురుచూశాడు. 1764లో ఓల్నీ అనే చిన్న ఊళ్ళో చర్చి ఇచ్చారు. అక్కడివాళ్ళు లేసులు అల్లి బ్రతికే పేదవాళ్ళు. పిల్లలకు ప్రత్యేకంగా కూటాలు పెట్టేవాడు. కూపర్ అనే కవి మనసు చెదిరి బాధపడుతుంటే ఏడాదికి పైగా ఇంట్లో పెట్టుకుని చూసుకున్నాడు. పైన చెప్పిన పాట 1773 కొత్త సంవత్సరం నాటి ప్రసంగం కోసం రాసిందే. అప్పటికి కూడా బానిసల గురించి బయట నోరు విప్పలేదు.

1785లో విల్బర్‌ఫోర్స్ అనే యువ పార్లమెంటు సభ్యుడు ఎవరికీ తెలియకుండా న్యూటన్‌ను కలవడానికి వచ్చాడు. రాజకీయాలు మానేసి భక్తిలో పడదామా అన్నది అతని సందేహం. మానొద్దు, అక్కడే ఉండి పనిచెయ్యమని న్యూటన్ సలహా ఇచ్చాడు. మూడేళ్ళకు, 1788లో, తానే బానిసల వ్యాపారం మీద చిన్న పుస్తకం అచ్చువేయించాడు. ఓడలో మనుషులను ఎట్లా ఇరికించేవారో, ఎట్లా చచ్చిపోయేవారో అన్నీ చెప్పాడు. నేను చేశాను అని ఒప్పుకున్నాడు. ఈ ఒప్పుకోలు చాలా ఆలస్యమైందని కూడా అందులో రాశాడు. తుఫాను వచ్చి అప్పటికి నలభై ఏళ్ళు. విచారణ కమిటీల ముందుకు వెళ్ళి సాక్ష్యం కూడా ఇచ్చాడు. చూసినవాడు, చేసినవాడు చెబితే కాదనేవారెవరు?

1807 మార్చిలో బ్రిటన్ ఆ వ్యాపారాన్ని నిషేధించింది. బానిసత్వం రద్దుకు మాత్రం 1833 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికే కళ్ళు సరిగా కనిపించని న్యూటన్ నిషేధం వార్త విన్నాడు. అదే ఏడాది డిసెంబరు 21న, 82 ఏళ్ళ వయసులో, లండన్‌లో చనిపోయాడు. తన సమాధి రాత ముందే రాసి పెట్టుకున్నాడు. అందులో గొప్పలు లేవు. ఒకప్పుడు దేవుణ్ణి నమ్మనివాడినని, ఆఫ్రికాలో బానిసలకు సేవకుడిగా ఉన్నవాడినని మొదటే రాయించుకున్నాడు.