రెంబ్రాంట్ ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు ఈ రెండు కష్టములను ఒక్క త్రాటనే కట్టిరి. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ ఇల్లు కట్టలేదు, కొనెను. కట్టినను కొనినను చిక్కు ఒక్కటియే. ఆయన చిత్రముల పేర్లు మన విద్యార్థులలో పలువురకు తెలియును. ఆయన యింటి కథ అంతగా ప్రచారములో లేదు. అయినను ఆ జీవితమునకు నడిమి దూలము ఆ యింటి కథయే.

రెంబ్రాంట్ 1606 జూలై 15వ తేదీన లైడెన్ పట్టణమున జన్మించెను. తండ్రి పిండిమర నడుపువాడు. ఇరువదియైదేండ్ల ప్రాయమున ఆమ్‌స్టర్‌డామ్ చేరి, 1632లో చిత్రించిన డాక్టరు టుల్ప్ శరీరశాస్త్ర పాఠముతో ఒక్కసారిగా పేరు గడించెను. 1634లో సాస్కియాను వివాహమాడెను. ఆమె లేవార్డెన్ నగరాధ్యక్షుడుగా పనిచేసినవాని కుమార్తె, ఆస్తిపరురాలు. ఎందరో శిష్యులు రుసుము చెల్లించి ఆయనయొద్ద పని నేర్చుకొనుచుండిరి. ఇట్టి స్థితిలో 1639 జనవరిలో బ్రేస్ట్రాట్ అను వీధిలో పెద్ద మేడ నొకదానిని 13,000 గిల్డర్లకు కొనుటకు ఒడంబడిక వ్రాసెను. ఆనాడు నేర్పరియైన పనివాని యేడాది సంపాదన ఇంచుమించు 300 గిల్డర్లు. నాలుగవ వంతు మొదటి సంవత్సరమున, మిగిలినది అయిదారేండ్లలో తీర్చవలయునని షరతు. వచ్చు రాబడిని చూచినచో అది దుస్సాహసము కాదు.

కాని ఆయన తీర్చలేదు. రాబడి లేక కాదు. రెంబ్రాంటునకు వేలముపాటల పిచ్చి యుండెను. పాత చిత్రములు, అచ్చుబొమ్మలు, శిరస్త్రాణములు, గవ్వలు, పాలరాతి తలలు, ఏది కంటికి నచ్చినను కొనెడివాడు. 1642 జూన్‌లో సాస్కియా మరణించెను. అప్పటికి కుమారుడు టైటస్‌కు ఏడాది నిండలేదు. తన ఆస్తి కుమారునికి చెందవలయుననియు, భర్త మరల పెండ్లి చేసికొననంతవరకు దాని ఫలము ననుభవింపవచ్చుననియు ఆమె మరణశాసనము వ్రాసెను. ఈ చిన్న షరతు తరువాత ఎంత పని చేసినదో చూడుడు. ఇంట తోడుగా నిలిచిన హెండ్రిక్యెను ఆయన పెండ్లాడియున్నచో సాస్కియా సొత్తును వదలుకొనవలసివచ్చెడిది. పెండ్లి జరుగలేదు. 1654లో చర్చివారు హెండ్రిక్యెను పిలిపించి శిక్షించిరి. ఆ యేడే ఆమెకు కుమార్తె పుట్టెను.

సాస్కియా మరణించిన 1642లోనే ‘రాత్రి గస్తీ’ అను మహాచిత్రము పూర్తియైనది. అది ఎవరికిని నచ్చలేదనియు, అక్కడినుండియే ఆయనకు దారిద్ర్యము పట్టినదనియు ఒక కథ ప్రచారములో నున్నది. పాఠము చెప్పుటకు ఇంపుగా నుండు కథయే గాని దానికి ఆధారము లేదు. ఆ చిత్రమునకు ఆయన పుచ్చుకొన్నది 1,600 గిల్డర్లు. ఆయనను ముంచినది చిత్రము కాదు, ఇంటి బాకీ.

ఇంగ్లండుతో 1652లో మొదలైన యుద్ధమువలన డచ్చి వర్తకము కుంటువడెను. చేతిలో రొక్కము ఎవరికిని నిలువలేదు. 1653లో ఇల్లమ్మిన క్రిస్టోఫెల్ టైస్ తన బాకీకై పట్టుబట్టెను. అసలు సగమునకు మించి నిలిచియుండెను. వడ్డీ, పన్నులు కలిసి 8,470 గిల్డర్లయినది. అప్పు తీర్చుటకు రెంబ్రాంట్ అప్పు చేసెను. కార్నెలిస్ విట్సెన్ అను నగరప్రముఖునియొద్ద 4,180, ఐజాక్ వాన్ హెర్ట్స్‌బేక్ అను వర్తకునియొద్ద 4,200, మిత్రుడు యాన్ సిక్స్‌యొద్ద 1,000 గిల్డర్లు తెచ్చెను. ఒక బొక్క పూడ్చుటకు మూడు బొక్కలు త్రవ్వినట్లయినది.

మన ప్రాంతమున ఐ.పి. పెట్టుట యను మాట పల్లెలలో సైతము వినబడును. హాలెండులోను ఆనాడు అట్టి పద్ధతి యుండెను. తన నష్టము మోసమువలన గాక దురదృష్టమువలన కలిగినదని విన్నవించుకొని, ఉన్నదంతయు అప్పులవారికై అప్పగించిన వానికి చెరసాల తప్పును. 1656 జూలైలో రెంబ్రాంట్ హేగ్ ఉన్నత న్యాయస్థానమునకు అర్జీ పెట్టుకొనెను. వ్యాపార నష్టమును, సముద్రముపై కలిగిన నష్టమును కారణములుగా చూపెను. అంతకు రెండు నెలల ముందు, మే నెలలోనే, ఆ యింటిని అనాథ బాలల ఆస్తులను చూచు కార్యాలయమున టైటస్ పేర మార్పించెను.

దీనినేమనవలయును? బిడ్డ పేర ఇల్లు వ్రాసి ఐ.పి. పెట్టినవానిని మనము మంచివాడనము. తల్లి ఆస్తి బిడ్డకు బాకీ యుండుట నిజమే. ఆ బాకీ 20,375 గిల్డర్లని లెక్క. అయినను పదునాలుగేండ్లుగా జ్ఞప్తికి రాని బాకీ అప్పులవారు తలుపు తట్టునప్పుడు జ్ఞప్తికి వచ్చుట నిర్దోషమని నేననలేను. నగరాధికారులు ఆ మార్పును లక్ష్యపెట్టక ఇంటిని వేలమునకు పెట్టిరి.

వేలమునకు ముందు జూలై 25, 26 తేదీలలో గుమాస్తాలు వచ్చి గదిగదికి తిరిగి జాబితా వ్రాసికొనిరి. మొత్తము 363 పద్దులు. హోమరు, సోక్రటీసు, అరిస్టాటిలుల తలలు, రోము చక్రవర్తుల విగ్రహములు, ఆయుధములు, పగడములు, మాంటేన్యా అచ్చుబొమ్మల పుస్తకము, తూర్పు ఇండియా పెట్టెలు అందు గలవు. ఆ కాలమున డచ్చి ఓడలు మన మచిలీబందరు నుండియు సరకు లెత్తుచుండెను. మొగలాయి చిత్రములను చూచి రెంబ్రాంట్ ఆ సంవత్సరములలోనే గీసిన నకళ్ళు ఇరువదికి పైగా నేటికిని నిలిచియున్నవి; షాజహాను రూపమును వానిలో చూడవచ్చును. జాబితా చివర చలువకు వేసిన బట్టలున్నవి. మూడు చొక్కాలు, ఆరు చేతిరుమాళ్ళు, కొన్ని మేజాబట్టలు. ఇంట లేని బట్టలను గూడ గుమాస్తాలు విడువలేదు.

సామగ్రి విడతలుగా తెగనమ్మబడెను. ఇల్లు 1658 ఫిబ్రవరిలో వేలమున 11,218 గిల్డర్లకు పోయెను. కొన్న ధరకంటె 1,782 తక్కువ. కొన్నవాడు లీవెన్ సైమన్స్ అను చెప్పులు కుట్టు వృత్తివాడు. వచ్చిన సొమ్ములో విట్సెన్ తన బాకీ పూర్తిగా రాబట్టుకొనెను. ఆ యేడాది ఆయన నగరాధ్యక్షులలో నొకడు. హెర్ట్స్‌బేక్‌కు గూడ ముట్టెను. కాని టైటస్ సంరక్షకుడు వ్యాజ్యము వేసి, తల్లి సొత్తు బాకీ అన్నిటికంటె ముందటిదని వాదించెను. కొన్నేండ్ల వ్యాజ్యము పిమ్మట హెర్ట్స్‌బేక్ పుచ్చుకొన్న 4,200 గిల్డర్లు తిరిగి కక్కవలసివచ్చెను. 1665లో టైటస్‌కు 6,952 గిల్డర్లు దక్కెను. ఈ కథలో నాకు జాలి గొల్పు వాడు హెర్ట్స్‌బేక్. ఆపదలో అప్పిచ్చి, అడిగి తెచ్చుకొని, మరల పోగొట్టుకొనెను. రెంబ్రాంటునకు ఒకప్పుడెంత ఆస్తి యుండెనో తేల్చుటకు ఆ వ్యాజ్యమునకై సాక్షులను పిలిచిరి. ‘రాత్రి గస్తీ’ వెల మనకు తెలియుట వారి సాక్ష్యమువలననే.

ఇల్లు పోయిన పిమ్మట కుటుంబము రోజెన్‌గ్రాక్ట్ వీధిలో సంవత్సరమునకు 225 గిల్డర్ల అద్దెకు చేరెను. 1660 డిసెంబరులో హెండ్రిక్యెయు టైటసును కలిసి చిత్రముల వ్యాపారసంఘ మొకటి పెట్టిరి. రెంబ్రాంట్ అందు సలహాదారు. తిండియు వసతియు ఇచ్చుటకు ప్రతిగా ఆయన గీసినది సంఘమునకు చెందును. అప్పులవారు పట్టుకొనుటకు ఆయన పేర ఏమియు లేదు. ఆ అద్దె యింటిలో నుండియే 1662లో వస్త్రపరీక్షకుల సంఘపు చిత్రము పూర్తి చేసెను. ఆ యేడే సాస్కియా సమాధి స్థలమును అమ్ముకొనెను. ఈ రెండును ఒక్క చేతి పనులే. 1663లో హెండ్రిక్యె, 1668లో టైటస్ గతించిరి. 1669 అక్టోబరు 4న రెంబ్రాంట్ మరణించెను. వెస్టర్‌కెర్క్ అను చర్చిలో అద్దె సమాధిలో ఆయనను పూడ్చిరి.

చెప్పులు కుట్టువాడు ఆ మేడను రెండు ఇండ్లుగా విభజించెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆమ్‌స్టర్‌డామ్ నగరపాలకులు దానిని కొనిరి. 1911లో అది ప్రదర్శనశాలగా తెరువబడెను. శతాబ్ది చివర గదులను ఆనాటి తీరున తిరిగి అమర్చబూనినప్పుడు, ఏ గదిలో ఏమి యుండెనో చెప్పుటకు అప్పులవారికొరకు గుమాస్తాలు వ్రాసిన ఆ జాబితాయే పనికివచ్చెను.