జాన్ లోగీ బెయిర్డ్

జాన్ లోగీ బెయిర్డ్ (ఆగష్టు 13, 1888 - జూన్ 14, 1946) స్కాట్లాండుకు చెందిన ఇంజనీరు, టెలివిజన్ ఆవిష్కర్తలలో ఒకడు. కదిలే మనిషి ముఖాన్ని వెలుగునీడల ఛాయలతో సహా తెరపై చూపించగలిగిన తొలి వ్యక్తిగా ఈయన ప్రసిద్ధుడు. ఈయన రూపొందించిన యాంత్రిక టెలివిజన్ పద్ధతి వాణిజ్యపరంగా ఓడిపోయినప్పటికీ, ఔత్సాహిక టెలివిజన్ ప్రసారాల చరిత్ర ఈయనతోనే మొదలవుతుందని చెప్పవచ్చు.

బాల్యము, విద్య

బెయిర్డ్ స్కాట్లాండులోని హెలెన్స్‌బర్గ్ అనే సముద్రతీర పట్టణంలో జన్మించాడు. తండ్రి చర్చి మతాధికారి. నలుగురు సంతానంలో ఈయన చివరివాడు. చిన్నతనం నుండి అనారోగ్యం వెంటాడినా, కుర్రతనంలోనే తన ఇంటికీ, స్నేహితుల ఇళ్ళకూ టెలిఫోను తీగలు లాగి చిన్న ఎక్స్ఛేంజి నడిపాడు. గ్లాస్గోలో సాంకేతిక విద్య అభ్యసించాడు. మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో సైన్యంలో చేరబోగా ఆరోగ్యం సరిగా లేదని తిరస్కరించారు. ఆ తరువాత ఒక విద్యుత్ సంస్థలో పనిచేసాడు.

ఈయన చేసిన వ్యాపారాలు విచిత్రమైనవి. పాదాలకు చలి, చెమట తగలకుండా లోపల తొడుక్కునే మేజోళ్ళు అమ్మి కొంత సంపాదించాడు. 1919లో ట్రినిడాడ్ వెళ్ళి జామ్ తయారీ ప్రారంభించగా, మరుగుతున్న పాకంలోకి పురుగుల దండు వచ్చి పడేది. తిరిగి వచ్చి సబ్బులు అమ్మాడు.

టెలివిజన్ ప్రయోగాలు

1923లో ఆరోగ్యం కోసం ఇంగ్లండు దక్షిణ తీరంలోని హేస్టింగ్స్ చేరిన బెయిర్డ్, చేతికి దొరికిన వస్తువులతో ప్రయోగాలు మొదలుపెట్టాడు. టోపీ పెట్టె, టీ చెక్కపెట్టె, సైకిలు దీపాల కటకాలు, లక్క, దారం ఆ పరికరములోని భాగాలు. 1884లో జర్మనీకి చెందిన పాల్ నిప్కో పేటెంటు పొందిన చిల్లుల చక్రమే దీనికి ఆధారం. చక్రం తిరుగుతూ ఉంటే ఒక్కొక్క చిల్లు దృశ్యంలో ఒక్కొక్క గీతను చదువుతుంది. ఆ గీతలోని వెలుగు హెచ్చుతగ్గులను కాంతిఘటము విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. గ్రాహకంలో అంతే వేగంతో తిరిగే మరో చక్రం, దాని వెనుక నియాన్ దీపం కలిసి బొమ్మను మరల కూర్చుతాయి. 1924లో ఈ విధంగా ఒక సిలువ ఆకారపు నీడను కొద్ది అడుగుల దూరం పంపగలిగాడు. అదే సంవత్సరం బలమైన విద్యుదాఘాతం తగిలినా బ్రతికి బయటపడ్డాడు. ఇంటి యజమాని మాత్రం గది ఖాళీ చేయమన్నాడు.

లండన్‌లోని సోహో ప్రాంతంలో, అక్టోబరు 2, 1925న ఒక మాట్లాడే బొమ్మ తల స్పష్టంగా తెరపై కనిపించింది. బెయిర్డ్ వెంటనే కింది అంతస్తుకు పరుగెత్తి, అక్కడి కార్యాలయంలో పనిచేసే విలియం టేంటన్ అనే యువకుడిని తీసుకువచ్చి దీపాల ముందు కూర్చోబెట్టాడు. మొదట తెరపై ఏమీ కనబడలేదు. దీపాల వేడికి భయపడి టేంటన్ వెనక్కు జరగటమే కారణం. అరక్రౌను నాణెం చేతిలో పెట్టి మరల కూర్చోబెట్టవలసి వచ్చింది. జనవరి 26, 1926న రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభ్యుల ఎదుట బహిరంగ ప్రదర్శన జరిగింది. 1927లో టెలిఫోను తీగల ద్వారా లండన్ నుండి గ్లాస్గోకు, 1928లో రేడియో ద్వారా అట్లాంటిక్ మహాసముద్రం దాటి న్యూయార్క్ సమీపానికి బొమ్మలను పంపాడు. 1928లోనే రంగుల టెలివిజన్‌ను కూడా ప్రదర్శించాడు.

30 గీతల ప్రసారాలు

సెప్టెంబరు 30, 1929న బి.బి.సి. ట్రాన్స్‌మిటర్ ద్వారా ప్రయోగాత్మక ప్రసారాలు ప్రారంభమయ్యాయి. మొదట్లో ఒకే ట్రాన్స్‌మిటర్ అందుబాటులో ఉండటం వలన ముందు బొమ్మ, తరువాత శబ్దం విడివిడిగా పంపేవారు. 1930 మార్చి నుండి రెండూ కలిసి వచ్చాయి. బొమ్మకు 30 గీతలు, సెకనుకు పన్నెండున్నర బొమ్మలు. ఇంత తక్కువ సమాచారం కనుక మామూలు మీడియం వేవ్ రేడియో మార్గమే సరిపోయింది. మీడియం వేవ్ సంకేతం రాత్రివేళ వందల మైళ్ళు ప్రయాణిస్తుంది. అందువలన రేడియో అభిరుచి గలవారు దూరప్రాంతాలలో సైతం స్వయంగా చక్రాలు కోసి, మోటారు బిగించి ఈ ప్రసారాలను అందుకొన్నారు. నారింజ రంగులో, తపాలా కార్డు కంటే చిన్నగా కనిపించే ఆ బొమ్మ, చక్రం వేగం కాస్త తప్పితే పక్కకు జారిపోయేది. సంకేతం బలహీనపడితే చుక్కలు కమ్మేవి, అయినా ముఖాన్ని పోల్చుకోవచ్చు. 1931లో డెర్బీ గుర్రపు పందెం ఈ పద్ధతిలోనే ప్రసారమయ్యింది. అదే సంవత్సరం బెయిర్డ్ పియానో కళాకారిణి మార్గరెట్ ఆల్బును న్యూయార్క్‌లో వివాహం చేసుకున్నాడు. వీరికి ఒక కుమార్తె, ఒక కుమారుడు.

పోటీ, ఓటమి

నవంబరు 1936లో బి.బి.సి. లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుండి క్రమబద్ధమైన ప్రసారాలు ప్రారంభించి, బెయిర్డ్ 240 గీతల పద్ధతినీ, మార్కోనీ-ఇ.ఎమ్.ఐ. వారి 405 గీతల ఎలక్ట్రానిక్ పద్ధతినీ వారం మార్చి వారం వాడి చూసింది. బెయిర్డ్ పద్ధతిలో దృశ్యాన్ని ముందుగా ఫిల్ముపై తీసి, అక్కడికక్కడే కడిగి, తరువాత ప్రసారం చేయవలసి వచ్చేది. ఆ కెమెరాను కదిలించటం సాధ్యం కాదు. అదే నవంబరు 30న క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో బెయిర్డ్ ప్రయోగశాలలు కూడా కాలిపోయాయి. 1937 ఫిబ్రవరిలో 405 గీతల పద్ధతిని ఎంపిక చేసారు. నాణ్యతకు తగిన మూల్యమూ ఉన్నది: ఈ బొమ్మకు అవసరమైన విశాలమైన మార్గం అతి హ్రస్వ తరంగాలలో మాత్రమే దొరకటం వలన ప్రసారం లండన్ చుట్టుపక్కల ప్రాంతాలకే పరిమితమయ్యింది.

1939లో యుద్ధం రాగా టెలివిజన్ ప్రసారాలు ఆగిపోయి, కంపెనీ దివాలా తీసింది. బెయిర్డ్ సొంత ఖర్చుతో ఇంటివద్దే కృషి కొనసాగించి, 1944లో పూర్తి ఎలక్ట్రానిక్ రంగుల చిత్రనాళాన్ని ప్రదర్శించాడు. జూన్ 14, 1946న బెక్స్‌హిల్‌లో మరణించాడు. యుద్ధానంతరం బి.బి.సి. టెలివిజన్ తిరిగి మొదలై అప్పటికి వారం మాత్రమే అయ్యింది. హెలెన్స్‌బర్గ్‌లో ఈయనను ఖననం చేసారు.

ఔత్సాహికుల చేతిలో

1949లో బ్రిటన్ ఔత్సాహిక టెలివిజన్ క్లబ్బు ఏర్పడింది. 1975లో బెయిర్డ్ తరహా తక్కువ గీతల టెలివిజన్‌కే ప్రత్యేకించి మరొక సంఘం వెలసింది. 21వ శతాబ్దంలో ఈ ఔత్సాహికులలో అనేకులు డిజిటల్ ప్రసారాలకు మారారు. ఎఫ్.ఎమ్. పద్ధతిలో పంపే అనలాగ్ బొమ్మకు పది మెగాహెర్ట్‌జ్ పైబడిన మార్గం అవసరం కాగా, కుదించిన డిజిటల్ బొమ్మకు అర మెగాహెర్ట్‌జ్ కూడా అక్కరలేదు. 2018లో ప్రయోగించిన ఎస్‌హైల్-2 ఉపగ్రహం ఇటువంటి ప్రసారాలకు మార్గం కల్పించింది. భారతదేశం కూడా దాని పరిధిలో ఉన్నది. అయితే డిజిటల్ సంకేతం ఒక హద్దు వరకు మచ్చలేని బొమ్మ ఇచ్చి, ఆ హద్దు దాటగానే గడులు గడులుగా చెదరి మాయమవుతుంది. అనలాగ్ వలె క్రమంగా మసకబారటం ఉండదు.

బెయిర్డ్ 1927-28లో గ్రామఫోను రికార్డులపై నమోదు చేయించిన బొమ్మలను ఆయన కాలంలో సరిగా చూడటం సాధ్యం కాలేదు. 1980లలో డోనాల్డ్ మెక్లీన్ అనే ఇంజనీరు వాటిలోని సంకేతాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, లోపాలు సవరించి, కదిలే ముఖాలను వెలికితీసాడు.